ఆపిన పిల్ల, పంపిన పిల్ల

ఆదివారం పొద్దున యాప్రాల్ నుంచి ఫోను వచ్చింది. మా నాలుగో తరగతి టీచరమ్మ నిద్రలోనే వెళ్లిపోయారని ఆమె మేనకోడలు చెప్పింది. ఎనభై దాటిన మనిషి. నాకు ఏడుపు రాలేదు. సాయంత్రం సమాధి దగ్గర పాతికమందిమి కూడా లేం. ఆమె మీలో ఎవరికీ తెలిసి ఉండదు. అందుకే రాస్తున్నాను.

ఎప్పుడు తలుచుకున్నా ఆమె అలిసిపోయిన మనిషిగానే గుర్తొస్తారు. ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి సికింద్రాబాదు వచ్చి, బోయిగూడలో మా మిషన్ బడిలో చేరారు. మధ్యాహ్నానికే గొంతు బొంగురుపోయేది. కుర్చీలో కూర్చోగానే చెప్పులు విడిచి పాదాలు చల్లటి బండ మీద ఆనించేవారు. నవ్వడం తక్కువ. "తెలియకపోతే తెలియదని చెప్పు, ఫరవాలేదు. తెలిసినట్టు తల మాత్రం ఊపకు" అనేవారు.

నిజాం పాలన ముగిసి పోలీసు చర్య జరిగిన ఏడాది నేను ఆమె తరగతిలో ఉన్నాను. మా అబ్బా తిరుమలగిరిలో దర్జీ. బడి కొన్నాళ్లు మూతబడింది. తెరిచాక కూడా నేను వెళ్లలేదు. జిల్లాల నుంచి భయపడి వచ్చేసిన చుట్టాలతో మా రెండు గదుల ఇల్లు నిండిపోయింది. వాళ్ల పసిపిల్లల్ని ఎత్తుకోవడం నా పని. చలికాలం పోయాక బడికి వెళ్తే, అంతకుముందు వచ్చిన అక్షరాలు కూడా పోయాయి. నా పక్కన కూర్చునే యాదమ్మదీ అదే పరిస్థితి. తల్లి జబ్బుపడి ఇంటిపనంతా ఆ పిల్ల మీద పడింది.

వేసవి సెలవుల ముందు పెద్ద టీచరు ఒక మాట చెప్పారు. ఈ ఏడు పరీక్షల్లేవు, పిల్లలందర్నీ పై తరగతికి పంపేయాలని. మా టీచరమ్మ ఒప్పుకోలేదు. "ఇద్దరికి చదవడమే రాదు. ఐదో తరగతి పుస్తకం చేతికిచ్చి ఏం చేయమంటారు?" అన్నారట. ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే అదే తరగతిలో ఆపుకోమన్నారు పెద్ద టీచరు.

ముందు మా అబ్బాను పిలిచారు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను.

"అందరి పిల్లలు పైకి పోతున్రు. మా బిడ్డనే ఎందుకు ఆపుతున్రమ్మా? మేం ముసల్మానులమనా?"

ఆ రోజుల్లో అది ఊరికే అన్న మాట కాదు. టీచరమ్మ "కాదండీ" అని మాత్రం అని, నన్ను లోపలికి పిలిచి చేతిలో పుస్తకం పెట్టారు. ఒక్క వాక్యం చదవమన్నారు. నా వల్ల కాలేదు. అబ్బా నా ముఖం చూశాడు. తర్వాత నేల చూశాడు.

"మీరే నేర్పిస్తరా?"

"నేనే నేర్పిస్తాను."

"అయితే ఉంచుండ్రి."

మర్నాడు యాదమ్మ తల్లి వచ్చింది. వస్తూనే టీచరమ్మ చేతులు పట్టుకుంది. "ఆపకుండ్రి అమ్మా. ఫేలయిందంటే వాళ్ల నాయిన బడి బంద్ చేయిస్తడు. లగ్గం చేసి తోలేస్తడు." టీచరమ్మ చివరికి యాదమ్మ పేరు పై తరగతిలో రాశారు.

ఆ ఏడాదంతా నేను సిగ్గుతో చచ్చిపోయాను. నాకన్నా చిన్నపిల్లలు "ఫేలక్కా" అని పిలిచేవారు. అన్నాల వేళ యాదమ్మ వచ్చి నా పక్కన కూర్చునేది. "నాకేం సమజైతలేదే. బోర్డు మీద చూసి రాస్తున్న, గంతే" అనేది. సాయంత్రాలు మా ఇద్దరికీ కలిపి చెబుతానన్నారు టీచరమ్మ. యాదమ్మను ఇంట్లో వదల్లేదు. నేనొక్కదాన్నే బడి విడిచాక గంటసేపు ఉండేదాన్ని. వానలు తగ్గేనాటికి నాకు చదవడం వచ్చింది.

యాదమ్మ ఆరో తరగతిలో తనంతట తానే రావడం మానేసింది. టీచరమ్మ రెండుసార్లు వాళ్లింటికి వెళ్లారు. "నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి టీచరమ్మా. ఆడ కూసుంటే తల తిరుగుతది" అందట ఆ పిల్ల. మరో రెండేళ్లకు పెళ్లి చేసేశారు.

తర్వాత నేనూ టీచర్నయ్యాను. ఒక ఏడాది నా తరగతిలో నలుగురు పిల్లలు అలాగే చదవడం రాకుండా మిగిలారు. ఆపాలా, పంపాలా? తేల్చుకోలేక యాప్రాల్ వెళ్లాను. అప్పటికి ఆమె రిటైరై మేనకోడలి దగ్గర ఉంటున్నారు. ఆపడమే మంచిదంటే నా పని తేలికవుతుందని ఆశపడ్డాను.

"నాకు తెలియదమ్మా" అన్నారు. "నిన్ను ఆపాను కాబట్టి బాగుపడ్డావని అందరూ అంటారు. ఆపినందుకు కాదు. సాయంత్రాలు నువ్వు వచ్చి కూర్చున్నందుకు. యాదమ్మను పంపాను గానీ, ఆ పిల్ల వెంట నడవలేకపోయాను."

మళ్లీ ఆమే, "మీ నాన్నగారి ముందు నీ చేత చదివించాను చూడు, అలా చేయకుండా ఉండాల్సింది" అన్నారు. ఇన్నేళ్లూ ఆ సంగతి ఆమె మనసులో ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆఖరుసారి చూసింది మొన్నటి వానల్లో. కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. కింది వాటా వాళ్ల పాప ఎదురుగా కూర్చుని పైకి చదువుతోంది. ఒక మాట దగ్గర ఆగిపోయింది. మొదటి అక్షరం పలికింది, మళ్లీ పలికింది, నా వైపు చూసింది. నేను చెప్పబోయాను. టీచరమ్మ కళ్లు తెరవకుండానే చెయ్యి కొంచెం పైకెత్తి నన్ను వద్దన్నారు. పాప వేలు ఆ మాట మీదే ఉంది. బయట వాన పడుతూనే ఉంది. మేమిద్దరం అలా ఎదురుచూస్తూ కూర్చున్నాం.