తండ్రి చూడని ముఖం

ఆ రోజులు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది కాళ్ళ నొప్పి. పట్నంలో కార్వాన్ వైపు ఒక చిన్న కాన్పుల ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. పొద్దున్నే మా పాప లేవకముందే బయలుదేరి, అది పడుకున్నాక ఇల్లు చేరేదాన్ని. పాపను మా అత్తగారే సాకింది. నేను ఊరందరి పిల్లల్నీ సాకాను.

ఒక వానాకాలం, కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ పని చేసే ఒకాయన భార్యకు నెలలు నిండకుండానే కాన్పయింది. మగపిల్లవాడు, గుప్పెడంత ఉన్నాడు. తల్లి జ్వరంతో ఒళ్ళు తెలియకుండా వేరే గదిలో పడి ఉంది. పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె మాకు ఒక్కటే, అందులో అప్పటికే ఇంకో బిడ్డ ఉంది. వాడి నానమ్మకు విడవని దగ్గు, ఆమెను దగ్గరికి రానివ్వలేదు. వేడినీళ్ళ సీసాలు పెట్టినా వీడి పాదాలు చల్లబడుతూనే ఉన్నాయి. పెద్దవాళ్ళ గుండెకు ఆనించి పట్టుకుంటే బతుకుతాడని నా ఆశ. మిగిలింది తండ్రి ఒక్కడే.

ఆయనేమో వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బిడ్డ మూల నక్షత్రంలో పుట్టాడట. శాంతి చేయించి, ముందుగా నూనెలో బిడ్డ నీడ చూసేదాకా తండ్రి వాడి ముఖం చూడకూడదట. చూస్తే తండ్రికి గండమని అయ్యగారు చెప్పారని నానమ్మ దగ్గుతూనే వివరించింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. ఆదివారం ప్రార్థనకు పోయే ఇల్లు మాది, నక్షత్రాల పట్టింపు లేదు. ఒళ్ళు మండింది. కానీ అరిచి వాదించే ఓపిక నాకెక్కడిది? కట్టుగుడ్డ తెచ్చి ఆయన కళ్ళకు గట్టిగా కట్టేశాను.

"చూడొద్దన్నరు గని పట్టుకోవద్దనలేదు గద అన్నా. అంగీ గుండీలు తియ్యుండ్రి," అన్నాను.

నానమ్మ కాసేపు ఆలోచించి, గట్లయితే తప్పులేదంది.

అప్పట్నుంచి రోజూ షిఫ్టు దిగగానే వచ్చి, కళ్ళకు కట్టుతో స్టూలు మీద కూర్చునేవాడు, అంగీ లోపల బిడ్డతో. వచ్చేపోయేవాళ్ళు కంటి ఆపరేషన్ అయిందేమోనని జాలిపడేవాళ్ళు. మొదట్లో కట్టెలా బిగుసుకుపోయేవాడు. పోనుపోను నాకే చెప్పడం మొదలుపెట్టాడు. వాడికి ఆకలేసే ముందు కుడికాలు ఆడిస్తాడట. ఎక్కిళ్ళొస్తే వీపు నిమిరితే లాభం లేదట, అరికాలు పట్టుకోవాలట. నేను వినీ విననట్టు ఊకొట్టి పక్క మంచం దగ్గరికి పోయేదాన్ని. పిల్లవాడి పాదాలు మాత్రం వెచ్చబడ్డాయి.

తల్లికి తెలివొచ్చిన రోజు, బిడ్డను తేవడానికి నేను లేస్తుంటే ఆమె భర్తను ఎవరి పోలికని అడిగింది. ఆయన చెయ్యి ఛాతి మీదికి పోయింది.

"ముఖం నాకు తెల్వది. పండుకున్నప్పుడు నా ఛాతి మీది ఎంటికలు పట్టుకుంటడు. ఇడిపిస్తే ఏడుస్తడు. గంతే తెలుసు."

బిడ్డను తెచ్చి తల్లి గుండె మీద పెట్టాను. ఆయన అలవాటుగా గోడవైపు తిరిగాడు. వాడికి ఎక్కిళ్ళు మొదలై, ఏడుపు అందుకున్నాడు. ఆమెకేం చెయ్యాలో తెలియక నావైపు చూసింది. ఆయన గోడకు చెప్తున్నట్టే చెప్పాడు.

"అరికాలు పట్టు."

ఆమె పట్టుకుంది. కాసేపటికి వాడు ఊరుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అలసటవల్లనే అనుకున్నాను.

ఆ సాయంత్రం పర్మిషన్ అడిగి తొందరగా ఇంటికి వెళ్ళాను. మా పాప మేలుకునే ఉంది, ఎందుకో ఏడుస్తోంది. ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ చేసింది. వీపు నిమిరాను. అరికాలు పట్టుకున్నాను, విదిలించుకుంది. మా అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, దాన్ని అందుకుని భుజాన వేసుకుంది. పాప ఊరుకుంది.

దానికేం కావాలో నాకు తెలియలేదు. ముఖం మాత్రం రోజూ చూస్తున్నదే.