బండారి పట్టిన మోటారు

మా తోడికోడలు రాధాబాయి మోటారు విప్పుతదంటె సిద్దిపేటల నవ్వనోడు లేడు. అందరికంటె ఎక్కువ నవ్వింది మా ఆయన ప్రభాకర్. సొంత వదినె మీదనే నవ్విండు! నాకు ఒళ్లు మండింది గని, బట్టల దుకాణం తెరవబోయే మొగోనితోని పొద్దుగాల్నే లొల్లి ఎందుకని పండ్లు కొరుక్కొని ఊకున్న.

జర్మనోళ్ల లడాయి ముగిసిన ఏడు మా బావ దామోదర్ పోయిండు. పోతపోత రాధాబాయి అక్కకు మిగిలిచ్చింది గా పాత మోటారొక్కటే. భూపతిని డ్రైవర్‌గ పెట్టుకొని అక్క దాన్ని కిరాయికి తిప్పేది. సంక్రాంతి నుంచి ఉగాది దాక ఐతారమొస్తె చాలు, జనాన్ని ఎక్కించుకొని కొమురవెల్లి మల్లన్న జాతరకు పోవుడే. గా మోటారు నడిచినన్ని దినాలు అక్క తన పొయ్యి తాను ముట్టించుకుంటది. అది ఆగిందంటె మా ఇంట్ల ఒక మూలకు కూసోని మా ఆయన పెట్టింది తినాలె. గంతే సంగతి.

గట్ల నడుస్తున్న మోటారు, జాతర మంచి జోరు మీదున్నప్పుడే కుకునూరుపల్లి కాడ పొగలు కక్కి నిలవడ్డది. లోపట నీళ్లు కుతకుత మసులుతున్నయ్. ఎడ్లను కట్టి ఇంటికి గుంజుకొచ్చిన్రు.

మా ఆయన సికింద్రాబాద్ల మోటార్లు అమ్మే కంపెనీకి కబురు పంపిండు. ఆడికెల్లి ఒక మనిషి వచ్చి, మూత లేపి చూసి, "ఇంజను ఖరాబైంది. మా షాపుల వదిలిపెట్టుండ్రి. సామాను బొంబాయి నుంచి రావాలె. ఉగాది దాటినంక సూద్దాం" అని చెప్పి పోయిండు.

"ఇచ్చెయ్ వదినె" అన్నడు మా ఆయన. "మోటారు పని కంపెనీవోళ్లకే తెలుస్తది. నువ్వు మా ఇంట్ల హాయిగ ఉండరాదు?"

"ఉగాది దాటినంక నాకు మోటారెందుకు? నాది నేనే చూసుకుంట."

"నువ్వా! నీకేం తెలుసు?"

"తెల్వదు. విప్పితె తెలుస్తది."

తెల్లారి భూపతితోని ముంగట రేడియేటర్ విప్పించింది. అది తేనెతుట్టె లెక్క సందులు సందులుగ ఉంటది. గాలి దూరితెనే నీళ్లు సల్లబడ్తయి. చూస్తె ఒక్క సందు లేదు! అంత పచ్చగ గట్టిపడి ఉన్నది. పసుపు! జాతరకొచ్చిన ప్రతి మనిషి మల్లన్న పేరు చెప్పి మోటారు మూతికి గుప్పెడు బండారి కొడ్తరు గద. ఎవ్వలు కొట్టకుంటె భూపతే కొడ్తడు. దాని మీద నీళ్లు చిమ్మి, దుమ్ము పడి, మోటారు ముక్కు మూసుకపోయింది.

"అగ్గో, దేవుని పేరు చెప్పి మోటారుకు పడిశెం పట్టిచ్చిన్రు!" అని నేను పకపక నవ్విన. భూపతి మొఖం మాడిపోయింది.

"గోకు భూపతీ" అన్నది అక్క.

"నేను గోకనమ్మా. మల్లన్న బండారి. కాళ్లు చేతులు పడిపోతయి."

"ఇల్లూడ్చిన పొరకపుల్ల ముట్టియ్య. కొత్త ఈతపుల్లలు తెప్పిస్త."

"ఏ పుల్లయితేంది, నాతోని కాదు" అనుకుంట లేచి పోయిండు.

అక్క కొంగు దోపుకొని తనే కూసున్నది. ఉడుకునీళ్లు పోసుకుంట ఒక్కొక్క సందు తీసింది. వేళ్లన్ని పచ్చబడ్డయ్. బావ పోయిన కాన్నుంచి ఆ చేతులకు పసుపు తగల్లే. నేను సుత ఒక పుల్ల అందుకున్న. పసుపునీళ్లను ఎవ్వలు తొక్కని జాగల, చెట్టు మొదట్ల పోసినం.

"దేవుని బండారి గోకిన మోటారు ఎవడెక్కుతడు?" అని మా ఆయన వాకిట్ల నిలవడి గులిగిండు.

"ఎవ్వలెక్కకుంటె నేనెక్కుత" అన్న. పెండ్లయినంక ఆయనకు ఎదురు చెప్పుడు గదే మొదలు.

గోకుడు అయిపోయినంక భూపతి మెల్లగ వచ్చి బిగించిండు. బిగిస్తె దేవుడు కోపం చెయ్యడంట!

ఐతారం జనం ఎక్కిన్రు, నేను అక్క పక్కన ఎక్కిన. కొమురవెల్లి దాక మోటారు ఒక్క తీరు పోయింది. నీళ్లు మసల్లే. కష్టమంత ఆడికి పోయినంకనే మొదలైంది. దర్శనం చేసుకొని వచ్చినోళ్లు గుప్పిళ్ల నిండ బండారి పట్టుకొని మోటారు మీదికి ఉరికిన్రు. అందరికంటె ముంగట చిన్నకోడూరు కొండవ్వ, ఏటా మల్లన్నకు బోనం ఎత్తే ముసలామె.

అక్క దిగి మోటారుకు అడ్డం నిలవడ్డది. "దీని మీద వద్దవ్వా. బండారి పడితె దీనికి ఊపిరాడది."

"మల్లన్న బండారినే వద్దంటవా?" కొండవ్వ గొంతు లేచింది. "మరి మేం యాడ పొయ్యాలె?"

"నా మీద పొయ్యుండ్రి."

అందరి చేతులు ఆడ్నే ఆగిపోయినయ్. ముండమోసిన ఆడిదాని నెత్తిన పసుపా? భూపతి తల తిప్పుకున్నడు. ఇప్పుడు కొండవ్వ మొఖం తిప్పుకొని పోతె, ఎనక అందరు పోతరు. మళ్ల ఈ మోటారెవ్వలు ఎక్కరు. అక్క మాత్రం అడుగు జరగలే.

కొండవ్వ అక్క బోడి నుదురు దిక్కు చూసింది.

"మల్లన్న కాడ నీకు వద్దని ఎవలన్నరు బిడ్డా?" అని చెయ్యెత్తి, గుప్పెడు బండారి అక్క నెత్తిన పోసింది. ఎనకున్నోళ్లు సుత ఒక్కొక్కరొచ్చి పోసిన్రు. తల, నుదురు, చీర అంత పచ్చగ అయింది. నేను సిగ్గు లేకుంట వెక్కి వెక్కి ఏడ్చిన.

అక్క దులుపుకోలే. కండ్లు మాత్రం తుడుచుకొని, "ఎక్కుండ్రి, పొద్దువోతుంది" అన్నది.