బాపు మాటల తర్వాత వచ్చే పాట

షార్జా అల్ నహ్దాలో మా బిల్డింగ్ కింది కాఫీ షాపులో నిన్న ఓ ఇంగ్లీషు పాట వినిపించింది. కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాను. రూమ్మేట్ రాజు ఫోన్‌లో వెతికాడు. "పాత జాజ్ పాటంట అన్నా, ప్రేమ పాట. ఎంతమంది పాడిండ్రో సూడు. ఎవలది పెట్టాలె?"

"ఎవలదీ వద్దు. ఖలాస్, బంద్ చెయ్."

అవన్నీ నేను విన్నవే.

మన ఈడువాళ్లకు గుర్తుందా, దుబాయ్ నుంచి ఉత్తరాలకు బదులు క్యాసెట్లు వచ్చేవి? మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, తను పనిచేసే హోటల్లో పారేసిన పాటల క్యాసెట్లు తెచ్చుకుని, వాటి మీదే మాట్లాడి పంపేవాడు. అంచున ఉండే రెండు గుంతల్లో కాగితం కుక్కితేగాని రికార్డు కాదు. అన్నింట్లో ఆ ఒక్క పాటే, ఒక్కొక్కరు ఒక్కో తీరుగా పాడింది.

మొదట్లో బాపు మాటలయ్యాక ఒక ఆడగొంతు పాడే ఆ పాట కొస మాత్రం వినపడేది. ఏటేటా బాపు తగ్గాడు, పాట పెరిగింది. బూరలొచ్చాయి, పియానో వచ్చింది.

"పనెక్కువున్నదేమో" అనేది అవ్వ, మా అమ్మ.

ఆఖరిసారి సబ్బుల వాసనతో వచ్చిన క్యాసెట్లో బాపు "ఎట్లున్నరు" అని కూడా అనలేదు. ఆ పాట మొదలు ఎలా ఉంటుందో మేం ఆ రోజే విన్నాం. ఒకవైపంతా అయ్యేదాకా అవ్వ కదలకుండా కూర్చుంది.

"తిప్పు బిడ్డా, అటుదిక్కు మాట్లాడిండేమో."

పెట్టేముందే చూశాను, రెండు గుంతల్లోనూ కాగితం లేదు. అయినా తిప్పాను.