తలెత్తి చూడకుండా వేసిన సూది

ఈరోజు పొద్దున ఒక మనిషికి పడని మందును నా చేత్తో సూదిగా వేశాను. ఆ మందు ఆమెకు పడదని కొన్నేళ్ల కిందట కనిపెట్టిందీ నేనే. ఆమె ముఖం చూసి ఉంటే గుర్తుకొచ్చేది. చూడలేదు.

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో నాది చిన్న క్లినిక్. చుట్టూ ఉన్న నల్లరేగడి పల్లెల నుంచి మా తెలుగువాళ్లే ఎక్కువగా వస్తారు. మాలో ఏ ఊరికి పోయినా కులదేవత పేరు పెట్టుకున్న ఆడవాళ్లు ఒకరికి మించి ఉంటారు. ఇంటిపేరు రాసే అలవాటు ఇక్కడ లేదు. మొగుడి పేరులోని మొదటి అక్షరం రాస్తారు, అంతే. మగవాళ్ల పేర్లూ దేవుడివే గనుక అదీ కలిసిపోతుంది. అందుకే పాత చీటీల మీద పేరు పక్కన నాకు తెలిసే గుర్తొకటి రాసేవాణ్ణి: టపాసుల ఫ్యాక్టరీ ఆమె, మేకల ఇంటి కోడలు, ఇలా.

రోగుల రికార్డులను కంప్యూటర్లో ఎక్కించి వాళ్ల ఆరోగ్య ఖాతాలకు జతచేస్తే ప్రభుత్వం నెలనెలా లెక్కగట్టి డాక్టర్లకు ప్రోత్సాహకంగా డబ్బు ఇస్తుంది. మంచి పథకమే. రోగి ఏ ఊరికి పోయినా జబ్బు వివరాలు వెంట వస్తాయి. నేనూ చేరాను. ఎన్ని జతయ్యాయో తెర పైమూలన ఒక అంకె కనిపిస్తుంది. రానురాను నా చూపు రోగిని వదిలి ఆ అంకెకు అతుక్కుంది. గుర్తులు రాసుకునే చోటు అందులోనూ ఉంది. ఖాళీగా వదిలినా రికార్డు లెక్కలోకి వస్తుంది కాబట్టి రాయడం మానేశాను.

నెలాఖరు. ఈ నెలకు అనుకున్నదానికి అంకె ఇంకా వెనకబడే ఉంది. అప్పుడు ఆమె నడుము పట్టుకుని వచ్చింది, వెనక మొగుడు.

"అన్నా, ఒక ఊసి వేసెయ్యి. వంగేదానికి కాలేదు. రేపు వ్యాన్ వచ్చేస్తుంది, పనికి పోవాల."

సూదిని మావాళ్లు ఊసి అంటారు. పేరు కొట్టి, తెర మీద మొదట వచ్చిన దాన్ని నొక్కాను.

"నాకు పడని మందు ఒకటి ఉండాది గదా అన్నా, నీకే తెలుసునే."

"అంతా ఇందులో ఉందిలేమ్మా." పడని మందులు లేవని తెర చెబుతోంది.

"అన్న కండ్లు ఆ పెట్టెలోనే ఉండాయి. మనమూ టీవీలో వస్తే చూస్తాడేమో," అని ఆమె మొగుడితో అంది. ముగ్గురం నవ్వాం.

నేను తెరిచింది అదే ఊళ్లో అదే పేరున్న మేకల ఇంటి కోడలి రికార్డు.

సూది వేసి మళ్లీ తెర వైపు తిరిగాను. "నాలిక దురదగా ఉండాది అన్నా," అంది. అంతలోనే పెదవులు ఉబ్బాయి, గొంతులో ఈల మొదలైంది. బల్ల మీద నుంచి జారుతుంటే పట్టుకున్నాను. అప్పుడు చూశాను ముఖం. తాయిల్పట్టి టపాసుల ఫ్యాక్టరీకి పోయే ఆమె. ఇదే బల్ల మీద, ఇదే మందుకు ఒళ్లంతా దద్దుర్లు లేచిన మనిషి.

ప్రాణం నిలబెట్టే అడ్రినలిన్ సూది ఇచ్చాను. మళ్లీ ఇచ్చాను. విరుదునగర్‌లో ఐసీయూ పడక ఉందంటే అంబులెన్స్ అటు పోయింది. నేనూ వెనక ఎక్కాను. నాడి నా వేళ్ల కింద దొరుకుతోంది, పోతోంది.

"మీరు ఉండారు గదా సామీ, ఏమీ కాదు గదా?" మొగుడు దారంతా అదే అడుగుతున్నాడు. నేను ఆక్సిజన్ మాస్కును ఆమె ముఖానికి నొక్కి పట్టుకున్నాను. ఈమె పోతే ఎవరూ రికార్డు తెరిచి చూడరు, మందు వికటించిందనుకుంటారు అని కూడా ఒక్క క్షణం తోచింది. ఆమె ఊపిరి కోసం మాస్కు పట్టుకున్న మనిషికే ఆ ఆలోచన వచ్చింది.

ఐసీయూ గుమ్మంలో డ్యూటీ డాక్టర్ ఏం జరిగిందని అడిగాడు. తప్పించుకోవడానికి అదే ఆఖరి చోటు. "పడదని తెలిసిన మందే. వేరే మనిషి రికార్డు తెరిచి నేనే ఇచ్చాను," అని తమిళంలో చెప్పాను. తర్వాత ఆమె మొగుడి వైపు తిరిగి అదే మాట తెలుగులో చెప్పాను.

"నీకే తెలుసు అని చెప్పె గదా సామీ అది!" అన్నాడు. మీరు పోయి నీవు వచ్చింది. గోడకు చేరగిలబడి నేల మీద కూలబడ్డాడు. నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రానికి ఆమె కళ్లు తెరిచింది. నేను చేసింది ఆమెకూ చెప్పాను.

"ఇప్పుడన్నా చూస్తివే నా మొకము," అంది.

మొగుడు మాత్రం నాకు వీపు తిప్పి కూర్చున్నాడు.

కోవిల్‌పట్టికి తిరిగొచ్చి ముందు ఆ ఇద్దరి రికార్డులూ సరిచేశాను. ఈ నెల నేను జతచేసినవేవీ లెక్కలోకి తీసుకోవద్దని, ఒక్కొక్కటీ మళ్లీ సరిచూడాలని, కారణంతో సహా పథకం అధికారులకు రాసి పంపాను. బయట రోగులు కాచుకుని ఉన్నారు. తెరను పక్కకు జరిపి, మొదట లోపలికి వచ్చిన ముసలామెను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"ఎవరింటి దానివమ్మా నువ్వు? నీకు పడనిదేంది?" అని అడిగాను. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా కంప్యూటర్ ముట్టుకోలేదు.