నేను తన్నించిన బంతి

డెబ్బైల్లో ఒమన్‌లోని రైసూత్‌లో, ఓడరేవు కడుతున్న కంపెనీలో నేను టైపిస్టుని. మా పెద్ద ఇంజినీరు అమెరికన్. తను చదివిన యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు చరిత్రను నలభై పేజీల్లో చేత్తో రాసి, పాత విద్యార్థుల సంఘానికి పంపాలంటూ టైపు చెయ్యమని నాకిచ్చాడు.

కాకినాడలో మా కాలేజీ జట్టుకు నేను గోల్‌కీపర్ని. ఆయన రాతలో ఆటగాళ్లందరూ బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతున్నారు! పెద్దాయన తొందరలో పొరబడ్డాడనుకుని, అందరిచేతా బంతిని కాలితో తన్నించి, నీటుగా టైపు చేసిచ్చాను. శభాష్ అంటాడనుకున్నాను.

ఆయన కాగితాలు బల్లమీద విసిరికొట్టాడు. "మా అమెరికా ఫుట్‌బాల్ వేరే ఆట, అందులో బంతిని చేత్తోనే పట్టుకుంటారు! నిన్నెవడు దిద్దమన్నాడు? గురువారం టపాకి అందకపోతే నిన్ను ఇండియా పంపేస్తాను!"

రూమ్‌కొచ్చి మొత్తుకుంటే, కరీంనగర్ నుంచి వచ్చిన మేస్త్రీ మల్లయ్య, "చేతుల పట్టుకొని ఉరికే ఆటకు ఫుట్‌బాల్ అని పేరెందుకు పెట్టిన్రే?" అన్నాడు. నా ఏడుపూ అదే!

రోజూ డ్యూటీ అయ్యాక కూర్చుని, ఈసారి ఉన్నదున్నట్టు కొట్టాను. మొదటిసారి నేను పట్టించుకోని ఒక మాట, చివరి పేజీ అంచున, ఆయన తనకోసం పెన్సిల్‌తో రాసుకున్నది కనిపించింది: "టైపిస్టుకి ఈ ఆట గురించి ముందే చెప్పాలి." ఒళ్లు మండి, దాన్నీ టైపు చేసిచ్చాను.

ఆయన చదివాడు. నావైపు చూడకుండా, కలం తీసి ఆ ఒక్క వాక్యం కొట్టేశాడు. ఉద్యోగం నిలిచింది గానీ, ఇన్నేళ్లయినా ఆ కోపం పోలేదు. దిద్దడం నాకు చేతకాకపోయినా, ఆయనకు బాగానే వచ్చు.