అవ్వ మాట, నా ప్రసంగం

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద భక్తి ఎంతుండేదో చెప్పలేను గానీ, మైకు మీద మాత్రం అపారంగా ఉండేది. ఇరవై మూడేళ్ల వయసు. ఒంగోలు పక్కనుంచి బెంగళూరొచ్చి, పీణ్యలో ఓ చిన్న ఫ్యాక్టరీలో వారమంతా ఇనుప ముక్కల కొలతలు చూసేవాణ్ణి. (అక్కడ నన్ను మెచ్చుకునే నాథుడు లేడు. ముక్క బాగుంటే మిషను గొప్ప, బాగోకపోతే నా కళ్లు దండగ.) అందుకని నా ఆశలన్నీ ఆదివారం మీదే. ఓ స్కూలు హాలు అద్దెకు తీసుకుని నడిపే మా తెలుగు చర్చిలో పాట అందుకునేది నేనే. కళ్లు గట్టిగా మూసుకుని పాడేవాణ్ణి. మధ్యమధ్యలో ఓ కన్ను సగం తెరిచి, ఎవరెవరు చూస్తున్నారో చూసుకునేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే యూత్ లీడరు పదవి ఖాళీ అయింది. అయ్యగారు (మా పాస్టరుగారిని అందరం అలాగే పిలిచేవాళ్లం) ఓ ఆదివారం ప్రకటించారు: "వచ్చే వారం యూత్ నుంచి ఒకరు పది నిమిషాలు వాక్యం చెప్పాలి. దేవుడు మన ఆరాధన ఎందుకు కోరుకుంటాడు, ఇదీ అంశం." ఆయన మాట పూర్తవకముందే నా చెయ్యి గాల్లో ఉంది. "బాగా చెప్పు బాబూ, యూత్ బాధ్యత నీకే అప్పగిద్దాం" అన్నారు. ఇంకేముంది, ఆ వారమంతా నాకు నిద్ర లేదు.

నేనుండేది ఓ మేడ మీద గదిలో. కింద మా ఓనరవ్వ. తరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్లు, వాళ్లాయనకు బళేపేటలో గాజుల కొట్టు. శనివారం పొద్దున అవ్వ డాబా మీద వడియాలు పెడుతుంటే, నేను ఓ మూల నిలబడి ప్రాక్టీసు మొదలెట్టాను. "దేవుడికి ఏ కొరతా లేదు! అయినా మన ఆరాధన కోరుకుంటున్నాడు! ఎందుకు?" అని అరిచి, ఆగేవాణ్ణి. మళ్లీ అరిచి, మళ్లీ ఆగేవాణ్ణి. (ఆ ఆగడం గాంభీర్యం కోసం కాదు, తర్వాత ఏం చెప్పాలో తెలీక.)

నాలుగోసారికి అవ్వ పిండి చెయ్యి ఆపి, "యాల అప్పా? చెప్పు, నేనూ వింటాను. అన్నీ ఉండే సామికి మన పొగడ్త యాల? వీధి చివర బ్యానర్లు కట్టించుకునే లీడరు మాదిరి ఉండాడే మీ సామి!" అంది. నేను ఫోన్లో చదివిన పెద్ద పెద్ద మాటలేవో వల్లించాను. అవ్వకు ఒక్కటీ రుచించలేదు.

"అవన్నీ కాదులే అప్పా. నలభై ఏండ్లుగా మా ఇంటాయనకు వండి పెడ్తా ఉండాను. బాగుండాది అని పొగిడితే నాకేమన్నా కిరీటం వస్తాదా? పొగడకపోతే రేపు సంగటి చేయనా? ముద్ద మింగేటప్పుడు ఒకసారి తల ఎత్తి నా మొగం చూస్తే సాలు. పెట్టింది ఎవురని ఎరిగితే సాలు. మీ సామికీ అంతేనేమో."

నా ఒళ్లు ఝల్లుమంది. భక్తితో కాదండీ, ప్రసంగం దొరికిందని! "రేపు నేనూ వస్తానప్పా, నువ్వు ఎట్ల చెప్తావో చూడాల" అంది అవ్వ. "తప్పకుండా రా అవ్వా" అన్నాను. నిజంగా వస్తుందని ఎవరనుకున్నారు?

వచ్చింది. పట్టుచీర, రూపాయి కాసంత బొట్టు, తలనిండా కనకాంబరాలు. చేతిసంచిలో టెంకాయ, ఊదుబత్తులు. గుమ్మం దగ్గర మా చర్చి పెద్ద, టై అన్న (మండువేసవిలో కూడా టై విప్పని మనిషి) ఎదురైతే, "పూజారప్ప ఎక్కడ? టెంకాయ ఎవురికిచ్చేది?" అని అడిగింది. యూత్ అంతా కిసుక్కుమన్నారు. టై అన్న నేరుగా నా దగ్గరకొచ్చి చెవిలో అడిగాడు: "ఆవిడ నీ తాలూకానా?"

యేసు ఎవరో నాకు తెలీదని ఆయన శిష్యుడు పేతురు బొంకగానే కోడి కూసిన కథ చిన్నప్పుడు సండే స్కూల్లో విని, ఆ పేతురు మీద ఎంత మండిపడ్డానో! తీరా నా వంతు వచ్చేసరికి, ఆ నవ్వులు, ఆ పదవి, ఆ టై చూసి, "తెలీదన్నా" అనేశాను. కోడి కూయలేదు. (పీణ్యలో కూసినా ఎవరికి వినబడుతుంది?) నా వైపు ఊపబోయిన చెయ్యి అవ్వ మెల్లగా దించేసుకోవడం మాత్రం చూశాను. టెంకాయ ఒళ్లో పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది.

సిగ్గులేనితనానికి హద్దుండాలి కదా, నాకు లేదు. మైకందుకుని, "నిన్న నేను మోకాళ్ల మీద ప్రార్థనలో ఉండగా ప్రభువు నాకొక మాట బయలుపరిచాడు" అన్నాను. అవ్వను తీసేసి అమ్మను పెట్టి, సంగటి తీసేసి అన్నం పెట్టి, మొత్తం అప్పజెప్పాను. "తల ఎత్తి ఆయన ముఖం చూడండి, చాలు!" అనగానే హాలంతా "స్తోత్రం!" అంది. అయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. ఆ పది నిమిషాల్లో వెనక వరస వైపు ఒక్కసారి కూడా నేను తల ఎత్తలేదు.

ఆరాధన అయ్యాక టీల దగ్గర అయ్యగారు అవ్వను పలకరించారు. "ఎవరితో వచ్చారమ్మా?" ఇప్పుడు నా పరువు మొత్తం అవ్వ నోట్లో ఉంది. అవ్వ ఒకసారి నా వైపు చూసింది. "ఎవురితోనూ లేదప్పా. దోవన పోతా ఉంటే పాట వినబడె, వచ్చినాను. ఆ పిల్లోడు బాగా చెప్పినాడు" అని టెంకాయ ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పదవి నాకే వచ్చింది. అందరూ భుజం తడుతుంటే, ఒక్కో దెబ్బా చెంప మీద పడ్డట్టనిపించింది.

ఆ సాయంత్రం కిందనుంచి కేక: "రా అప్పా, సంగటి సల్లారిపోతాది." ప్రతి ఆదివారం పిలిచినట్టే పిలిచింది. వెళ్లి కూర్చున్నాను. తల పాతాళంలో ఉంది. పొద్దున అంత అరిచిన నోట్లోంచి "అవ్వా, నేను..." తప్ప ఏమీ రాలేదు. అవ్వ సంగటి మీద సారు (మన చారే) పోసి, నా ఎదురుగా చతికిలబడింది.

"ఏం చెప్పొద్దులే అప్పా. తల ఎత్తు, సాలు" అంది.

ఎత్తాను. ఏడ్చేశాను.

మరుసటి ఆదివారం అదే మైకులో ఆ మాట ఎవరిదో, టెంకాయ ఎవరిదో చెప్పేశాను. పదవి వారానికే ఊడింది. ఇప్పుడు మైకు చూస్తే నాకు కాస్త భయం. కానీ ఇంట్లో మా ఆవిడ పళ్లెం పెట్టినప్పుడల్లా తల ఎత్తి ఆమె ముఖం చూస్తాను. "ఏం, ఉప్పెక్కువైందా?" అంటుంది పాపం, ఇన్నేళ్లయినా.