టార్క్ కన్వర్టర్ మూడో మెట్టు

2009లో మెకానికల్ డిప్లొమా పూర్తికాగానే ఒక లారీల మరమ్మతు షెడ్డులో సూపర్‌వైజర్‌గా చేరాను. అశోక్‌నగర్ నుంచి లోయర్ ట్యాంక్ బండ్ వైపు దిగే సందులో ఉండేది ఆ షెడ్డు. 2014లో ఆ పని వదిలేశాను. ఆ ఐదేళ్లలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న ట్రక్కుకు ఇంజన్ మార్చింది ఒక్కసారే, 2012 వేసవిలో. ఇది ఆ పని గురించి.

బండి నారాయణగూడలోని ఒక ధర్మసంస్థది. వెనక క్యాబిన్‌లో కంటి పరీక్షల పరికరాలు బిగించిన ట్రక్కు. విదేశం నుంచి విరాళంగా వచ్చింది, గేర్లు వాటంతటవే పడే ఆటోమేటిక్ కాబట్టి దానికి క్లచ్ పెడల్ లేదు. డ్రైవర్ మల్లేశ్‌కు ఎడమ మోకాలిలో స్టీలు కడ్డీ ఉంది. క్లచ్ తొక్కలేడు. ఊరంతటికీ అతను నడపగలిగిన పెద్ద బండి అదొక్కటే.

ఇంజన్ సీజ్ అయి, తిరగకుండా బిగుసుకుపోయింది. అదే మోడల్ పాత ఇంజన్ ముంబై నుంచి తెప్పించారు. సంస్థ మేనేజర్ మూర్తి గారు, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన పెద్దమనిషి, షెడ్డుకు వచ్చి మొదటిరోజే అడిగారు. "ఎలాగూ ఇంజన్ దించుతున్నారు కదండీ, పనిలో పని ఆ ఆటోమేటిక్ తీసేసి మామూలు గేర్‌బాక్స్ పెట్టేయకూడదూ? రేపు పాడైతే బాగుచేసేవాడు ఇక్కడ దొరుకుతాడా?" మల్లేశ్ సంగతేమిటని అడిగాను. గేటు దగ్గర కాపలాకు కూర్చోబెడతామన్నారు. కుర్చీ కూడా చూసి ఉంచారట.

ఆయన అడిగింది అన్యాయమని అనలేను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఉన్న గేర్‌బాక్సే తిరిగి ఎక్కిస్తాం. ఆయిల్ కారకుండా, గేర్లు జారకుండా నడిస్తే సరే. లేకపోతే మామూలు గేర్‌బాక్స్.

షెడ్డులో హోదా ప్రకారం హెడ్ మెకానిక్ యాదగిరి కంటే నేను పైవాణ్ణి. బండి కింద పనిచేసే గుంతలో దిగాక ఆ లెక్క పనిచేసేది కాదు. ముప్పై ఏళ్ల అనుభవం ఆయనది, అందరూ ఉస్తాద్ అని పిలిచేవారు. నన్ను మాత్రం ఆయన ఇంజనీర్ సాబ్ అనేవాడు, అందులో గౌరవం పాలు తక్కువ. ఈ పనికి నేను మాన్యువల్ పేజీలు ప్రింటు తీయించి, పద్నాలుగు అంశాల జాబితా రాసుకుని గోడకు అంటించాను. ప్రింటు తీసింది గ్రూప్స్ నోట్సులు అమ్మే జిరాక్సు షాపులో. "అన్నా, ఇది ఏ ఎగ్జాముకు?" అని అడిగాడు షాపువాడు. అది విన్నప్పటి నుంచి ఉస్తాద్ రోజూ పొద్దున్నే, "ఏం సాబ్, ఎగ్జాం ఎప్పుడు?" అని పలకరించేవాడు.

అసలు చిక్కు టార్క్ కన్వర్టర్‌తో. చిన్న గుమ్మడికాయంత గుండ్రటి ఇనుప డబ్బా అది. మామూలు బండిలో క్లచ్ ప్లేటు చేసే పని ఇందులో ఆయిల్ చేస్తుంది. దాని మెడ గేర్‌బాక్స్‌లోకి మూడు మెట్లుగా దిగాలి. మొదటి రెండూ పళ్లున్న షాఫ్టుల మీద. మూడోది ఆయిల్ పంపు గాడుల్లోకి. మూడోది దిగకపోయినా పైకి కూర్చున్నట్టే కనబడుతుంది. అలాగే ఇంజన్‌కు బిగిస్తే పంపు పగులుతుంది. ఆ పంపు మనకు దొరకదు.

కాబట్టి కొలిచాను. గేర్‌బాక్స్ మూతికి అడ్డంగా ఇనుప పట్టీ పెట్టి చూస్తే కన్వర్టర్ ఇరవై రెండు మిల్లీమీటర్ల లోతులో ఉంది. అప్పటికే బండిలో ఎక్కించిన ఇంజన్ వెనక, కన్వర్టర్‌ను తిప్పే పల్చటి ఇనుప పళ్లెం పంతొమ్మిది మిల్లీమీటర్లు బయటికి ఉంది. అంటే రెండూ కలిశాక మధ్యలో మూడు మిల్లీమీటర్ల సందు మిగలాలి. మాన్యువల్ కూడా అదే చెప్పింది. గేర్‌బాక్స్ మీద చాక్‌పీసుతో 22 అని రాసి, జాబితాలో తొమ్మిదో అంశానికి టిక్కు పెట్టాను.

గేర్‌బాక్స్‌ను బెంచీ మీది నుంచి చైన్ పుల్లీతో గుంతలోకి దించి, జాక్ మీద పెట్టి పైకి లేపాం. అది ఇంజన్ దాకా వచ్చి చిటికెన వేలు మందం దూరంలో ఆగిపోయింది. ఊపినా కదల్లేదు.

"గింత సందుకేంది సాబ్? నాలుగు బోల్టులు పట్టి లాగితే అదే అస్తది. లారీలకు గట్లనే ఎక్కిస్తున్న," అన్నాడు ఉస్తాద్. నిజమే, మామూలు గేర్‌బాక్స్‌లను చివరి అరంగుళం బోల్టులతో లాగడం షెడ్డులో అలవాటు. స్పానర్ అప్పటికే ఆయన చేతిలో ఉంది. వద్దన్నాను.

"ఎందుకొద్దు? ఇర్వై రెండని రాసింది నువ్వే గదా! నీ కొలత కరెక్టయితే బోల్టుకేం భయం? భయమైతే నీ కొలత తప్పు. రెండిట్ల ఏదో ఒకటి చెప్పు."

వాదన సరైనదే. స్టార్టర్ బిగించే రంధ్రంలోంచి చెయ్యి పెట్టి కన్వర్టర్‌ను తిప్పబోయాను. తిరగలేదు. పళ్లేనికి ఆనుకుని బిగుసుకుపోయింది. మూర్తి గారు, మల్లేశ్ గుంత అంచున నిలబడి ఉన్నారు. వాళ్ల ముందే చెప్పాను: నా కొలత తప్పు, దించాలి.

"నేను చెప్పలేదుటండీ?" అన్నారు మూర్తి గారు.

మల్లేశ్ మాత్రం నా వైపే చూస్తూ, "దించున్రి సార్. ఇంకో పూట పోతే పోనీ. విరగ్గొట్టకున్రి, గంతే," అన్నాడు.

దించి పట్టీ పెట్టాను. ఏడు మిల్లీమీటర్లు. చాక్‌పీసు అంకె పైన అలాగే ఉంది. పుల్లీకి వేలాడేటప్పుడు గేర్‌బాక్స్ ముందుకు ఒరిగింది, కన్వర్టర్ ఒక మెట్టు బయటికి జారింది. నేను కొలిచినప్పుడు ఇరవై రెండే. ఆ తర్వాత మళ్లీ కొలవాలని నా జాబితాలో లేదు.

ఉస్తాద్ ఏడు అంకెను చూశాడు. స్పానర్ పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. గేర్‌బాక్స్‌ను మళ్లీ బెంచీ మీదికి చేర్చి, మూతి పైకి ఉండేలా నిలబెట్టాం. కన్వర్టర్‌ను లోపలికి నెట్టాలని నేను ముందు ప్రయత్నించాను, దిగలేదు. "గట్టిగ నూకకు సాబ్. తిరగలి తిప్పినట్టు తిప్పు, బరువు దానికే ఇడువు," అంటూ రెండు అరచేతులూ ఆనించి మెల్లగా తిప్పాడు. ఠక్కుమని శబ్దం వచ్చింది. "కొలువు," అన్నాడు. ఇరవై రెండు.

కన్వర్టర్ మళ్లీ జారకుండా మూతికి అడ్డంగా ఇనుప బద్ద బిగించాం. గుంతలోకి దించాక బద్ద తీసి, గేర్‌బాక్స్ ముందుభాగం కాస్త పైకే ఉంచి మళ్లీ కొలిచాం. ఈసారి బోల్టు అవసరం లేకుండా, చేతి తోపుకే గేర్‌బాక్స్ వెళ్లి ఇంజన్‌కు ఆనుకుంది. రంధ్రంలోంచి కన్వర్టర్ వేలితో తిప్పితే తిరిగింది. సందు మూడు మిల్లీమీటర్లు. అప్పుడు బోల్టులు ఎదురెదురుగా బిగించాం.

మర్నాడు ఆయిల్ నింపి, బ్రేకు తొక్కి రివర్స్, న్యూట్రల్, డ్రైవ్ అన్నీ వేసి చూశాక మల్లేశ్ బండి బయటికి తీశాడు. పక్కన మూర్తి గారు, కిటికీ వైపు నేను. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఆటోల వెనక ఆగుతూ కదులుతూ నారాయణగూడ చౌరస్తా దాకా వెళ్లి తిరిగి వచ్చాం. పదకొండుసార్లు ఆగాం, లెక్కపెట్టాను. ఎక్కడా కుదుపు లేదు. మల్లేశ్ ఎడమ కాలు చాపుకుని కూర్చున్నాడు. షెడ్డులో కింద అట్టముక్క పరిచి చూస్తే ఒక్క ఆయిల్ చుక్క లేదు.

మూర్తి గారు అట్టముక్క చేతిలోకి తీసుకుని రెండువైపులా చూసి, "సరేనండీ, ఇదే ఉంచండి," అన్నారు.

"మరి గేటు కాడి కుర్చీ ఏం జేస్తరు సార్?" అన్నాడు మల్లేశ్.

"నేనే కూర్చుంటానులేవయ్యా!"

నేను షెడ్డు వదిలేదాకా ఆ గేర్‌బాక్స్ మళ్లీ దించాల్సిన అవసరం రాలేదు. ఆ బండి సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ మల్లేశే తెచ్చాడు. నా చేతి మీదుగా జరిగిన పనుల్లో ఏది చూపించాలన్నా దాన్నే చూపిస్తాను.

గోడ మీది జాబితాలో తొమ్మిదో అంశం కింద ఒక వాక్యం చేర్చాను: కదిపిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి. ఉస్తాద్ ఆ తర్వాత ఏ గేర్‌బాక్స్ ఎక్కించినా, చివరి అరంగుళం దగ్గర ఆగి, స్పానర్ కంటే ముందు పట్టీ అడిగేవాడు. ఆ పని నాకు నేర్పింది ఇంతే: కొలత రాసిన నిమిషానికి మాత్రమే నిజం, దాని మీద ఆధారపడేవాడు బిగించే ముందు మళ్లీ చూసుకోవాలి.